వరసలో పెరిగిన పిల్లలు

ఈ వారం విభక్తులు లేవు, కొత్త క్రియలు లేవు. ఒక అభిప్రాయం రాస్తాను. విషయం పెద్దది, నా తెలుగు చిన్నది. అందుకని చిన్న వాక్యాల్లోనే చెప్తాను.

వలస, వరస. ఈ రెండు మాటలకి తేడా ఒక్క అక్షరం. అమెరికాలో మనవాళ్ళకి ఆ తేడా కూడా లేదు. ఇక్కడికి వలస రావడం అంటే వరసలో నిలబడడమే.

ముందు ఆ వరస ఎలా నడుస్తుందో చూద్దాం. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఇది 1990 చట్టం పెట్టిన లెక్క. ఉద్యోగి కార్డే కాదు, భార్య లేక భర్త కార్డు, పిల్లల కార్డులు కూడా ఇందులోనే పోతాయి. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని ఇంకో నియమం. మిగతా దేశాలు వాడుకోనివి కొన్ని మనవాళ్ళకి వస్తాయి కానీ అవి ఏ మూలకీ చాలవు. 140 కోట్లు దాటిన ఇండియాకీ అదే 7 శాతం, నాలుగు లక్షల జనం కూడా లేని ఐస్‌లాండ్‌కీ అదే 7 శాతం. పైగా చూసేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశం. గుంటూరులో పుట్టినవాళ్ళు తర్వాత కెనడా పౌరులైనా మామూలుగా ఇండియా వరసలోనే నిలబడాలి.

హెచ్-1బి వీసాకి మామూలు గడువు 6 ఏళ్ళు. గ్రీన్ కార్డు వరసలో ఉన్నవాళ్ళు దాన్ని ఆ తర్వాత కూడా పొడిగించుకోవచ్చు. అందుకని పెద్దవాళ్ళు ఎలాగో నెట్టుకొస్తారు. నెలనెలా వీసా బులెటిన్ చూస్తారు. తేదీ కొన్ని వారాలు ముందుకి జరిగితే సంతోషం. ఒక్కోసారి అది వెనక్కి కూడా పోతుంది.

కానీ పిల్లల వయసు వెనక్కి పోదు. అమ్మానాన్నల వీసా మీద హెచ్-4తో వచ్చిన పిల్లలకి 21 ఏళ్ళు నిండితే ఆ వీసా పోతుంది, వరసలో చోటూ పోతుంది. 2002లో వచ్చిన ఒక చట్టం కొంచెం సాయం చేస్తుంది. కంపెనీ పెట్టిన పిటిషన్ ఆఫీసులో పరిశీలనలో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేస్తారు. అంతే. ఆ తర్వాత వరసలో గడిచిన ఏళ్ళని తీసేయరు.

ఒక ఇల్లు ఊహించుకోండి. అక్క హైదరాబాదులో పుట్టి రెండో ఏట ఇక్కడికి వచ్చింది. తమ్ముడు న్యూజెర్సీలో పుట్టాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. తమ్ముడు పౌరుడు. అక్కకి కాలేజీలో ఫెడరల్ సాయం రాదు, సెలవుల్లో పని చేసే హక్కు లేదు. 21 వచ్చేసరికి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి. ఆ వీసా అడిగేవాళ్ళు చదువయ్యాక స్వదేశానికి వెళ్ళిపోతామని చెప్పాలి. ఏ స్వదేశానికి? ఆ అమ్మాయికి గుర్తున్న ఇల్లు ఒక్కటే, అది న్యూజెర్సీలో ఉంది.

2012లో డాకా వచ్చింది. చిన్నప్పుడు వచ్చి, పత్రాలు లేకుండా పెరిగినవాళ్ళకి అది కొంత రక్షణ ఇచ్చింది. ఆ ఏడాది జూన్ 15న సక్రమమైన వీసా ఉన్నవాళ్ళకి అది వర్తించదు. అంటే పత్రాలన్నీ సరిగ్గా ఉండడమే అడ్డు. దీన్ని చూపించి మనవాళ్ళు కొందరు "మేము లీగల్‌గా వచ్చాం, వాళ్ళు అలా కాదు" అంటారు. ఈ మాట నాకు నచ్చదు. ఆ పిల్లలూ ఈ పిల్లలూ ఒకే తరగతిలో కూర్చున్నారు. ఎవరూ ఆ ప్రయాణాన్ని తామే ఎంచుకోలేదు.

మరి ఏం చెయ్యాలి? నా ఉద్దేశంలో మూడు పనులు, ఈ క్రమంలోనే.

మొదటిది, అమ్మానాన్నలు వరసలో చేరిన రోజున పిల్లల వయసు ఎంతో, అదే వయసుని చివరిదాకా లెక్కపెట్టాలి. 2021లో రెండు పార్టీల సభ్యులు కలిసి ఇలాంటి బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.

రెండోది, 1,40,000లో ఉద్యోగుల్ని మాత్రమే లెక్కపెట్టాలి. అప్పుడు ఒక పిల్లకి కార్డు ఇస్తే ఇంకో కుటుంబం వెనక్కి జరగదు. మొత్తం వలస పెరుగుతుంది, నిజమే. కానీ వీళ్ళలో చాలామంది ఇప్పటికే ఇక్కడ ఉన్నారు, పన్నులు కడుతున్నారు.

మూడోది 7 శాతం నియమం. 2019లో ప్రతినిధుల సభ దాన్ని తీసేసే బిల్లుని 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవలేదు, అక్కడే ఆగిపోయింది. దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నియమాన్ని ఒకేసారి తీసేస్తే కొన్నేళ్ళు చాలా కార్డులు ఇండియావాళ్ళకే పోతాయి, మిగతా దేశాలవాళ్ళు కొత్తగా వరసలో ఇరుక్కుంటారు. మన బాధని వాళ్ళకి అంటగట్టడం పరిష్కారం కాదు. అందుకే దీన్ని మూడోది అన్నాను. మొత్తం సంఖ్యని పెంచుతూ, నియమాన్ని మెల్లగా సడలించాలి.

నేను ఇక్కడే పుట్టాను, నాకు ఓటు ఉంది. గుడిలో, పెళ్ళిళ్ళలో నాతో పాటు పెరిగిన కొందరికి లేదు. మీకు ఓటు ఉంటే మీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయండి. మూడూ రాయక్కర్లేదు, ఆ మొదటిది ఒక్కటి రాసినా చాలు. పెద్దవాళ్ళ వరస గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. 20 ఏళ్ళు నిండిన అమ్మాయికి అంత టైం లేదు.