వంటయింటి ముచ్చట్లు: బెజవాడ పెసరట్లు

గుడివాడనుండి ఒక సోదరి వ్రాసిన జాబులో ఇట్లడిగినది: “నెలకొకమారు పనిమీద బెజవాడ వచ్చుచుందుము. అచ్చట ఏ హోటలునందు పెసరట్టు బాగుండును? మావారు తీసికొనిపోవు చోటు వారికి నచ్చినదే కాని నాకు నచ్చలేదు.” ప్రశ్న చిన్నదిగా కన్పట్టును. కాని దీనికి సరియైన బదులు చెప్పవలెనన్న పొలమునుండి పెనమువఱకు కొన్ని సంగతులు విచారింపక తప్పదు. ఇడ్డెనలకైన గాంధీనగరమందలి బాబాయి హోటలు 1942నాటి నుండి పేరు గడించుకొన్నది. పెసరట్టునకు అట్టి ఒక్క సింహాసనము లేదు. పేటకొక వాదము, ఇంటికొక తీర్పు.

కృష్ణా డెల్టా ఆడుబడుచులకు పెసలు పరాయి సరకు కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱిన పిమ్మట ఇచ్చట వరిమాగాణి విస్తరించినది. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశము బారేజి వచ్చినది. సార్వా వరిని కోయుటకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మన రైతులు మినుములు, పెసలు వెదజల్లుదురు. దుక్కి లేదు, మఱల నీరు పెట్టుట లేదు. నేలలో మిగిలిన పదునే ఆ మొలకలకు ఆధారము. నూరు గ్రాముల పెసలలో 22 మొదలు 24 గ్రాములవఱకు మాంసకృత్తులుండును. బిడ్డలకును, చూలాండ్రకును ఇంతకంటె సులభమైన బలవర్ధకాహారము మన ఇండ్లలో అరుదు.

దోసెకు పిండి పులియవలెను, పెసరట్టునకు పులియరాదు. భేదమంతయు ఇందే యున్నది. పొట్టుతోగూడిన ముడిపెసలను నాలుగైదు గంటలు నానబెట్టి, అల్లము, పచ్చిమిరపకాయలు, ఉప్పు చేర్చి రుబ్బి, వెంటనే పోయవలెను. క్రొత్తపెసలు త్వరగా నానును; ఏడాది నిలువయున్నవి ఇంకను రెండు గంటలు కోరును. రుబ్బిన పిండి వేసవిలో మూడు గంటలు బయట నిలిచెనా పులుపెక్కును. కావున పెసరట్టునకు కాలమే శత్రువు. పిండిగా నున్నపుడును శత్రువే, పెనము దిగిన పిమ్మటను శత్రువే.

ఇట్టి వివాదములు మనకే కలవని యెంచవలదు. అమెరికావారు రొట్టె నడుమ వేడి మాంసపు బిళ్ళ నుంచి తిను హాంబర్గరును గూర్చి ఊరూర పోల్చి చూచుకొందురు. జర్మనీలోని హాంబర్గు పట్టణము పేరు దానికి వచ్చినది. 1921లో విచిటా పట్టణమున వైట్ కాసిల్ అను అంగడి దానిని ఒకే కొలతతో, ఒకే తీరున అమ్మనారంభించినది. 1996లో మెక్‌డొనాల్డ్స్ వారు ఢిల్లీలో తొలి అంగడి తెఱచినపుడు గోమాంసమును మానుకొనవలసివచ్చినది. వస్తువేదైనను పరీక్ష యొక్కటే: పెనముమీదినుండి చేతికి వచ్చునప్పటికి అది ఎట్లున్నది?

ఇక పరీక్షించు విధము. మొదట ఉప్మా లేని ఒట్టి పెసరట్టునే తెప్పించుకొనవలెను. శాసనసభ్యుల వసతిగృహముల పేరిట ‘ఎం.ఎల్.ఏ. పెసరట్టు’ అని ప్రసిద్ధికెక్కిన ఉప్మా పెసరట్టులో అట్టు లోపములను ఉప్మా కప్పిపుచ్చును. తరువాత రంగు చూడవలెను. పొట్టుపెసల అట్టు ఆకుపచ్చగా, అచ్చటచ్చట ఎఱుపు తిరిగి యుండును. పసుపుపచ్చగా నున్నచో పొట్టుతీసిన పప్పుతో చేసినదని తెలియవలెను. పిదప తుంచి చూడవలెను. అంచు కరకరలాడి నడుము మెత్తగా నుండుట మంచి లక్షణము. ఆ చివరనుండి ఈ చివరవఱకు కాగితమువలె పెళపెళలాడినచో బియ్యము మెండుగా కలిపినారన్నమాట. ఉల్లిపాయలు సన్నగా తఱిగి, పిండి పచ్చిగా నుండగనే అద్ది యుండవలెను. పైన రాల్చినవి విస్తరిలో మిగిలిపోవును. జీలకఱ్ఱ పంటికి తగులవలెను. కడపట అల్లపు పచ్చడి: చింతపండు పులుపు, బెల్లపు తీపి, మిరప కారము మూడును అల్లమునకు లోబడి యుండవలెను. అల్లము ప్రియమైన దినములలో బెల్లము పెరుగును. నాలుక ఈ మోసమును ఇట్టే పట్టగలదు.

ఈ గుర్తులతో మేము నలుగురము స్త్రీలము రెండు ఆదివారములు బెజవాడలో నాలుగు చోట్లకు పోయి చూచితిమి. గాంధీనగరమున ఒకటి, గవర్నరుపేటలో ఒకటి, మొగల్రాజపురమున ఒకటి, వన్‌టౌనులో ఒక తోపుడుబండి. మొదటి ఆదివారము ఉదయము ఏడుగంటలకు బయలుదేరితిమి. గాంధీనగరపు అట్టు ఆ దినమున ముందు నిలిచినది. పిండి అప్పుడు రుబ్బినదే. అల్లపు ముక్కలు పంటికి తగులుచుండెను. గవర్నరుపేటది చూచుటకు పెద్దది, పళ్ళెము దాటి వ్రేలాడినది, కాని అది పెసరట్టు వేషము వేసిన దోసె. మొగల్రాజపురములో అట్టు బాగుండెను కాని ఉప్మా చల్లారి గడ్డకట్టియుండెను. బండివాని అట్టు చిన్నది, మందమైనది. పచ్చడిలో మాత్రము అతనిని మించినవారు లేరు. అయితే పళ్ళెములన్నియు ఒక్క బకెట్టు నీటిలోనే ముంచి తీయుచుండుటచే మాలో ఇద్దరు తినలేకపోయిరి. మంచి చేయికి మంచినీటి కొళాయి తోడుండవలెను గదా!

రెండవ ఆదివారము కావలెననియే ఆలస్యముగా, పదిన్నరకు పోయితిమి. తీర్పు తలక్రిందులైనది! గాంధీనగరమున తెల్లవారుజామున రుబ్బిన పిండియే ఇంకను సాగుచుండెను. అట్టు పులిసి రంగు మాఱియుండెను. మొగల్రాజపురమువారు తొమ్మిదింటికి రెండవ వాయి రుబ్బుదురట. వారి అట్టు ఆనాడు అన్నిటిని మించినది, ఉప్మా కూడ పొగలు గ్రక్కుచుండెను. బండివాని సరకు అప్పటికే చెల్లిపోయినది. గవర్నరుపేటవారి అట్టులో మాత్రము ఏ మార్పును లేదు, బియ్యము ఎక్కువైనచో అదియొక సుఖము!

కావున గుడివాడ సోదరికి మా బదులిది: హోటలు పేరునకంటె వేళకు ప్రాధాన్యమీయవలెను. పెందలకడ పోగలిగినచో గాంధీనగరము, పొద్దెక్కినచో మొగల్రాజపురము. మఱియే చోటికి పోయినను కూర్చుండుటకు ముందే “పిండి ఎప్పుడు రుబ్బినారు?” అని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. మంచి వంటవాడు ఆ ప్రశ్నకు సంతోషించును. పొట్లము కట్టించి ఇంటికి తెచ్చుకొనుట, టెలిఫోనుమీద తెప్పించుకొనుట పెసరట్టు విషయమున నిష్ప్రయోజనము. మూసిన పెట్టెలో తన ఆవిరికి తానే మెత్తబడి, ఇల్లు చేరునప్పటికి అది తడిగుడ్డవలె నగును.

ఇంతవఱకు రుచి సంగతి. ఆ జాబులోని చివరిమాట మాత్రము మమ్ము విడువలేదు. “వారికి నచ్చినదే కాని నాకు నచ్చలేదు.” ఆమె రుచికి ఇంతవఱకు ఎవరైన విలువ కట్టిరా? పెసరట్టు పెనము దిగిన రెండు మూడు నిమిషములలో తినవలసిన వస్తువు. ఇంట పెనముకడ నిలుచునదెవరు? పిల్లలకు, మామగారికి, భర్తకు, బడికి తొందరపడు మఱదికి ఒక్కొక్కటిగా వేడివేడి అట్లు వడ్డించి, తీరా తనవంతు వచ్చునప్పటికి గిన్నె అడుగున గీకిన పిండి, నాలుగు ఉల్లిముక్కలు, అడుగంటిన పచ్చడి మిగులును. అదియును నిలువుకాళ్ళమీద, చల్లారిన పిదప తినును. ఇరువది యేండ్లు అట్లు పోసిన గృహిణి తన చేతి అట్టును వేడిగా తినియుండకపోవుట వింతగా తోచును గాని, మనలో ఎందఱకో ఇది అనుభవమే. ఇంటివారందఱును ఆమె చేతిని మెచ్చుకొందురు. ఆ మెప్పు నిజమో కాదో పరీక్షించుకొను అవకాశము ఆమెకొక్కతెకే లేదు.

పూర్వము పరులకు అన్నము వండి అమ్మి జీవించిన స్త్రీలు మన ఊళ్ళలో నుండిరి. 1897లో అచ్చయిన గురజాడవారి ‘కన్యాశుల్కము’నందలి పూటకూళ్ళమ్మను ఎఱుగనివారుండరు. అయినను కాఫీహోటళ్ళు వెలసిన తొలినాళ్ళలో గృహస్త్రీ అందు కూర్చుండి తినుటను పెద్దలు తప్పుపట్టిరి. వండుట తప్పుకాలేదు, కూర్చుండి తినుట తప్పైనది! ఆ దినములు గడచినవి. నేడు ఏ హోటలునందైనను స్త్రీలు నిస్సంకోచముగా కూర్చుండుచున్నారు. అయినను ఏ హోటలునకు పోవలెను, ఏమి తెప్పించవలెను అను నిర్ణయము మాత్రము పలు కుటుంబములలో ఇంకను ఆమెది కాలేదు. రోలు, పొత్రము ఎఱిగిన నాలుకకంటె మంచి న్యాయాధిపతి ఎక్కడ దొరకును?

హోటలునకు పోవుట దుబారా యని కొందఱందురు. ప్రతిదినమును పోయిన దుబారాయే. నెలకొకమారు, వేడి అట్టు ఎదుట కూర్చుండి తినుట ఆమెకు బాకీ తీర్చుటయే కాని వ్యర్థవ్యయము కాదు. ఊళ్ళు దాటి పోలేని వారికి మఱియొక ఉపాయము కలదు. వారమునకొకనాడు మొదటి అట్టు ఇంటి ఇల్లాలిది కావలెను. ఆమె పీటమీద కూర్చుండవలెను. అట్లకాడ మఱియొకరు పుచ్చుకొనవలెను. భర్తకు రానిచో నేర్చుకొనును. మొదటి రెండు అట్లు చినిగినను పిండి పాడుకాదు. పదియేండ్లు నిండిన కుమారునకు దగ్గఱనుండి పెనము వేడి గుర్తించుట నేర్పుడు: నీళ్ళు చిలుకరించినపుడు చుయ్యిమని ఇగిరిపోవలెను, పిదప సగము కోసిన ఉల్లిగడ్డతో పెనము రుద్దవలెను, గరిటె పిండి నడుమ పోసి వెలుపలికి త్రిప్పవలెను. ఈ విద్య ఆడుపిల్లకే పుట్టుకతో రాలేదు గదా!

తెనాలి, బందరు, ఏలూరు సోదరీమణులు తమ ఊళ్ళలోని పెసరట్లను ఇదే తీరున పరీక్షించి వ్రాసినచో రాబోవు సంచికలలో ప్రకటింతుము. జాబులో అట్టు తిన్న వేళను తప్పక పేర్కొనవలెను. తీర్పు మాత్రము మీ నాలుకదే కావలెను.