గెలిచాక ఇచ్చే డబ్బు ఎవరికి అందుతోంది?

'ప్రతిభ ఉన్న పిల్లకి పేదరికం అడ్డు కాదు' అనే మాట సభల్లో తరచుగా వింటున్నాను. వేదికల మీది పెద్దలే కాదు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనవాళ్లు కూడా ఆ మాటే అంటున్నారు. నేను ఒప్పుకోను. డబ్బు, తీరిక, ఇంట్లోవాళ్ల అనుమతి, ఈ మూడూ కలిస్తేగాని ఆడపిల్ల ప్రతిభ నలుగురి కంటా పడదు. కంటపడ్డాక ఇచ్చే బహుమతి, కంటపడకుండానే ఆగిపోయిన పిల్లలకి ఏ విధంగానూ ఉపయోగపడదు. ఈ సంగతి చెప్పడానికి మనకి అంతగా పరిచయం లేని ఒక ఉదాహరణ తీసుకుంటున్నాను. అమెరికాలో హైస్కూలు చదువు ముగిస్తున్న బౌలర్లకి ఇచ్చే స్కాలర్‌షిప్పుల వెనక స్త్రీల చరిత్ర ఒకటుంది. అది మనం తెలుసుకోవలసిన చరిత్ర.

బౌలర్ అంటే ఇక్కడ క్రికెట్ బౌలర్ కాదు. నున్నటి చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట ఇది. మన నగరాల్లోని మాల్స్‌లో సరదాకి ఆడుతుంటారు. అక్కడ న్యూయార్క్, ఒహాయో, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో హైస్కూళ్ల మధ్య పోటీలు జరిగే ఆట.

1895లో న్యూయార్క్‌లో ఏర్పడిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ మగవాళ్ల సంఘం. ఆడవాళ్లకి సభ్యత్వం లేదు. 1916లో సెయింట్ లూయిస్‌లో 40 మంది స్త్రీలు కూర్చుని తమ సంఘం తామే పెట్టుకున్నారు. అదే తర్వాత విమెన్స్ ఇంటర్నేషనల్ బౌలింగ్ కాంగ్రెస్ అయింది. తమ పోటీలు, తమ రికార్డులు, తమ నిధి, అన్నీ వాళ్లే చూసుకున్నారు. ఆ సంఘానికి 1960 నుంచి 1981 దాకా అధ్యక్షురాలిగా పనిచేసిన అల్బెర్టా క్రో పేరు మీద చదువుకునే అమ్మాయిలకి స్కాలర్‌షిప్పు ఏర్పడింది. అభ్యర్థి ఆటతో పాటు చదువునీ చూసి ఇచ్చేది. ఇది ఏ ధర్మాత్ముడూ విదిల్చిన దానం కాదు. తమకి చోటు లేదన్నచోట స్త్రీలు సంఘంగా ఏర్పడి, దశాబ్దాల తరబడి నిలబెట్టుకున్న శక్తి.

అయితే ఈ కథలో ఇంకో పార్శ్వం ఉంది. దాన్ని దాచిపెట్టి మెచ్చుకుంటే మనం అబద్ధం చెప్పినట్టే. ఆ స్త్రీల సంఘంలో కూడా మగవాళ్ల సంఘంలో లాగే 1950 దాకా తెల్లవాళ్లకే ప్రవేశం. నల్లజాతి ఆటగాళ్లు 1939లో డెట్రాయిట్‌లో వేరే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. మోటారు కార్మికుల యూనియనూ పౌరహక్కుల సంఘాలూ కోర్టుల్లోనూ బయటా పోరాడాకే ఆ నిబంధన పోయింది. అప్పటిదాకా నల్లజాతి స్త్రీ ఎంత బాగా ఆడినా ఆ సంఘం రికార్డుల్లో ఆమెకి చోటు లేదు. మరి ఆమెకి ప్రతిభ లేదనాలా? 'స్త్రీలందరూ ఒకటే' అనే మాటని దళిత స్త్రీలు మన సభల్లో ఎందుకు నిలదీశారో ఇక్కడ కూడా అర్థమవుతుంది.

తర్వాతి మలుపు చట్టం తెచ్చింది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ ప్రకారం, అమెరికా ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపకూడదు. మగపిల్లల ఫుట్‌బాల్‌కి ఎడాపెడా ఖర్చుపెట్టే కాలేజీలు అమ్మాయిలకి ఏం చేస్తున్నాయో లెక్క చెప్పవలసి వచ్చింది. ఆ ఒత్తిడిలో చాలా కాలేజీలు అమ్మాయిల బౌలింగ్ జట్లు పెట్టాయి. 2004 నుంచి అక్కడి జాతీయ కళాశాలల క్రీడాసంఘం బౌలింగ్ ఛాంపియన్‌షిప్పు నడుపుతోంది, అదీ అమ్మాయిలకి మాత్రమే. తక్కువ ఖర్చుతో లెక్క సరిచేసుకోవడానికే కాలేజీలు ఈ ఆటని ఎంచుకున్నాయని విమర్శించేవాళ్లున్నారు. కావచ్చు. కాలేజీ వాళ్ల మనసు మారేదాకా అమ్మాయిలు ఎదురు చూడాలా? 2008లో ఆ ఛాంపియన్‌షిప్పు గెలిచింది నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన మేరీలాండ్ ఈస్టర్న్ షోర్ విశ్వవిద్యాలయం జట్టు. ఆ గెలుపు ఎవరి దయవల్లా రాలేదు. 1950 పోరాటమూ 1972 చట్టమూ దారి వేస్తే, ఆ పిల్లలు తమ ఆటతో సాధించుకున్నారు.

స్కాలర్‌షిప్పు పద్ధతిలో మనం తీసుకోదగ్గ మంచి ఒకటుంది. 1994లో స్మార్ట్ అనే ఏర్పాటు వచ్చింది. పోటీల్లో పిల్లలు గెలుచుకున్న స్కాలర్‌షిప్పు సొమ్ము వాళ్ల పేరున జమ అవుతుంది, పైచదువులో చేరాక కాలేజీకి చేరుతుంది. మన దగ్గర ఇలా ఉంటే, కూతురు గెలిచిన డబ్బు అన్న అప్పులకీ అక్క కట్నానికీ మళ్లే ప్రమాదం తప్పుతుంది కదా!

మనం నేర్చుకోకూడనిదీ ఉంది. పోటీల్లో గెలవాలంటే ముందు ఆడాలి. ఆడాలంటే సొంత బంతులు, ప్రవేశ రుసుములు, శిక్షణ, ఊళ్లు తిరగడానికి ప్రయాణ ఖర్చులు. ఇవన్నీ భరించగలిగిన ఇంటి పిల్లకే చివర బహుమతి దొరికే అవకాశం ఎక్కువ. ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న పిల్లలకోసం గిఫ్ట్ ఫర్ లైఫ్ అనే స్కాలర్‌షిప్పు విడిగా పెట్టారంటేనే మిగతావి ఎవరిదాకా చేరలేకపోయాయో తెలుస్తోంది. 2005లో స్త్రీల సంఘాన్ని మగవాళ్ల సంఘంతో కలిపేశారు. సమానత్వం వచ్చింది కాబట్టి వేరే సంఘం ఎందుకన్నారు. నిధి మీద స్త్రీలే నిర్ణయం చేసే వేదిక పోయాక మిగిలే సమానత్వం ఎంతటిదని నా ప్రశ్న.

ఇక మన సంగతి. 2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులోని కడప జిల్లా స్పిన్ బౌలర్ శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2.5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆమె కష్టానికి అది తగినదే. నా అభ్యంతరం ఆమెకి ఇచ్చినందుకు కాదు. కప్పు గెలిచాక తెరుచుకునే ఖజానా, పదో తరగతిలో ఎందుకు తెరుచుకోదు? ఖేలో ఇండియా కింద ఎంపికైన వాళ్లకి నెలకి 10,000 రూపాయల భత్యం ఉంది. ఆ ఎంపిక దాకా రాగలిగేది ఎందరు? ఆడపిల్లల హాస్టళ్లలో పనిచేస్తూ నేను చూసింది ఇది: కబడ్డీలో, ఖోఖోలో జిల్లాస్థాయికి ఆడిన పిల్ల పదో తరగతి కాగానే 'ఇంకా ఆటలేమిటే' అన్న ఒక్క మాటతో ఇంట్లో కూర్చుంటుంది. కాలేజీ దూరం, బస్సు ఛార్జీ లేదు, సంబంధం వచ్చింది. ఆమె ఓడిపోలేదు. ఆమెని ఆటలోంచి తీసేశారు.

కాబట్టి మనం అడగవలసింది పతకానికి కోట్లు కాదు. హైస్కూలు ముగించే ప్రతి క్రీడాకారిణికీ ఇంటర్, డిగ్రీ చదువు అయ్యేదాకా ఫీజు, తిండి, ప్రయాణం ఖర్చు హక్కుగా ఇవ్వాలి. డబ్బు ఆమె పేరునే ఉండాలి. దెబ్బ తగిలి ఆట ఆగినా చదువుకిచ్చే డబ్బు ఆగకూడదు. ఎంపిక సంఘంలో సగానికి పైగా స్త్రీలుండాలి, అందులో దళిత, ఆదివాసీ, ముస్లిం, వికలాంగ స్త్రీలుండాలి. ఎవరికి ఎందుకిచ్చారో ఏటా బయటపెట్టాలి.

ఇది చదువుతున్న మిత్రులు ఒక పని చెయ్యండి. మీ మండలంలోని హైస్కూలుకి వెళ్లి పీఈటీని అడగండి: కిందటేడు మండలస్థాయి దాటి ఆడిన పదో తరగతి అమ్మాయిలు ఎంతమంది, వాళ్లలో ఇవాళ కాలేజీలో ఉన్నది ఎంతమంది? ఆ రెండు అంకెలూ మన పత్రికకి రాసి పంపండి. జిల్లా కలెక్టర్ ముందు పెట్టడానికి మన దగ్గర లెక్క ఉండాలి.