గీత పడితే బండ మార్చాలా?

అమరాపురం వైపు నుంచి బెంగళూరు చేరిన మనవాళ్ళు ఫ్లాటు కొని, వంటింట్లో సాలిడ్ సర్ఫేస్ బండ వేయిస్తారు. కత్తి గీత పడగానే షాపువాడు "మొత్తం మార్చాల్సిందే సార్" అంటాడు. మనం తలూపుతాం. ఒక్క బగ్ కోసం కోడంతా తిరగరాయమంటే మాత్రం మేనేజరు మీద ఎగురుతాం!

1967లో డూపాంట్ కోరియన్ తెచ్చినప్పటి నుంచీ ఈ సరుకు గొప్పదనమే అది కదండీ. యాక్రిలిక్ రెసిన్, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి కలిపి పోత పోస్తారు. పైపూత ఉండదు, మందమంతా ఒకటే సరుకు. మనం ఎక్కువ డబ్బు పోసిందే ఆ గుణానికి. తడిపి, 320, 400, 600 నంబరు వాటర్ పేపర్లతో వరసగా రుద్ది, చివర్లో స్కాచ్ బ్రైట్ పడితే మామూలు గీత మాయం. గీత మీదే కాక చుట్టూ వెడల్పుగా రుద్దాలి, లేకపోతే గుంట పడుతుంది.

క్వార్ట్జ్ బండకి మాత్రం ఈ పని వద్దు. మెరుపు పోతుంది, పైగా సిలికా ధూళి ఊపిరితిత్తులకి చేటు. ఆ బండల్ని కోసే పనివాళ్ళకి సిలికోసిస్ వస్తోందనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది.

అమరాపురం మండలంలోనే హేమావతి ఉంది. నొళంబుల శిల్పులు నల్లరాతినే అద్దంలా నునుపు చేశారక్కడ. ఆ పక్కనుంచి వచ్చి వాటర్ పేపర్ ముక్కకి జడిస్తే ఎలా?