కోతకు ముందే పల్పర్లు రావాలి

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరు వచ్చింది సరే, పాడేరు మన్యంలో ఎందరో రైతులు ఇంకా పండును తొక్కతోనే ఎండబెట్టి, చెర్రీగా సంతలో అమ్ముకుంటున్నారు. ఎర్రని పండ్లే ఏరి, కోసిననాడే పల్పర్‌లో తొక్క తీసి, గింజల జిగురు పోయేలా ఊరబెట్టి, కడిగి ఆరబెడితే అది పార్చిమెంట్. దానికి ధర ఎక్కువ. మొక్క ఒకటే, చాకిరీలోనే తేడా.

పండు ఒక రాత్రి బస్తాలో మగ్గితే పులిసి, రుచి చెడుతుంది. కొండమీది ఊరినుంచి యంత్రం దగ్గరకు మోసుకొచ్చేసరికి ఆ రాత్రి కాస్తా గడిచిపోతోంది. పచ్చికాయలు కూడా కలిపి దూసేయడం రైతు తప్పే. కాని షావుకారు అప్పు నెత్తిమీద ఉన్నవాడు పండేదాకా ఆగగలడా?

నవంబరులో కోతలు మొదలవుతాయి. ఆలోగా నాలుగైదు ఊళ్లకొక చేతి పల్పర్, నీటి తొట్టి, టార్పాలిన్లు అందజేయాలని అధికారులను రైతుల తరఫున కోరుతున్నాము.