జీతాల కింద పోయిన సీమ

మా యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీవాళ్లు కొట్లాడి గెలవలేదు. సిపాయిల జీతాల కింద జమ వేసుకున్నారు. 1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాం చేసుకున్న ఒప్పందంతో కడప, బళ్లారి సీమలతో పాటు కంభం, దూపాడు కూడా చేతులు మారాయి. మైసూరు యుద్ధాలంటే బడిలో టిప్పు కత్తి, రాకెట్ల సంగతి చెబుతారు. జీతాల లెక్క చెప్పరు. 1767 నుంచి 1799 దాకా విడతలు విడతలుగా సాగిన ఆ పోరును నడిపింది ఆ లెక్కేనని నా నమ్మకం.

నిజాం అలీ ఖాన్ నడకే చూడండి. 1766 నవంబరులో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం. మరుసటి ఏడు వాళ్లతో కలిసి మైసూరు ఏలిక, టిప్పు తండ్రి హైదరలీ మీదికి బయల్దేరినవాడు మధ్యలోనే హైదరలీతో చేయి కలిపాడు. తిరువణ్ణామలై దగ్గర దెబ్బ తిన్నాక, 1768 ఫిబ్రవరిలో మళ్లీ ఇంగ్లీషువాళ్ల పంచకే చేరాడు. 1780లో మరాఠాలతో, హైదరలీతో కలిసి ఇంగ్లీషువాళ్ల మీద కూటమి కట్టి, వాళ్ల నుంచి గుంటూరు తిరిగి దక్కేసరికి చల్లబడ్డాడు. 1790లో ఇంగ్లీషువాళ్లు టిప్పు మీద కట్టిన కూటమిలోనూ ఉన్నాడు.

నిలకడ లేని మనిషని తీసిపారేయడం తేలిక. కానీ చుట్టూ తనకన్నా బలవంతులు, ఖజానాకు వచ్చేదేమో వానను నమ్ముకున్న శిస్తు, జీతం ఆగితే సొంత సైన్యమే తిరగబడే రోజులు. ఎవరి పక్కన ఉంటే ఖర్చు తక్కువో చూసుకోక ఏం చేస్తాడు?

1792లో ఓడిన టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఇచ్చుకున్నాడు. నిజాం వాటాకు కడప, కంభం వచ్చాయి. ఆ సంబరం మూడేళ్లే. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు నిజామును ఓడిస్తుంటే ఇంగ్లీషు మిత్రులు కదల్లేదు. ఆ భయంతోనే 1798లో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాన్ని వదులుకుని, కుంపిణీ సైన్యాన్ని ఆరు బటాలియన్లు పెట్టుకున్నాడు. ఖర్చు ఏటా 24,17,100 రూపాయలు. 1799లో టిప్పు చనిపోయాడు. శత్రువు పోయాడు గానీ కాపలా ఖర్చు తగ్గలేదు సరికదా, మరుసటి ఏడు బటాలియన్లు ఇంకా పెరిగాయి. నగదుకు బదులు, మైసూరు నుంచి తన వాటాకు వచ్చిన నేలనే రాసిచ్చాడు. గెలిచిన పక్షాన నిలబడి, గెలుచుకున్నది పోగొట్టుకోవడమంటే ఇదే.

కుంపిణీ మాత్రం బాగుపడిందా? గవర్నర్ జనరల్ వెల్లస్లీ యుద్ధాలకు దాని అప్పు దాదాపు రెట్టింపై, 1805లో అతన్ని లండన్ వెనక్కి పిలిపించుకుంది. ఆ బరువులో కొంత మన చేల మీదా పడింది. 1800లో కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎనభై మంది దాకా పాలెగాళ్లను అణచి, భూములు కొలిపించి, ఏడేళ్లలో ఆదాయాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేశాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది. ఆయన మంచితనంతో నాకు పేచీ లేదు. 1807లో వెళ్లిపోతూ శిస్తు నూటికి పాతిక తగ్గించమని సిఫారసు చేసిందీ ఆయనే. పైవాళ్లు ఒప్పుకోలేదు. మద్రాసు గవర్నరై తిరిగి వచ్చాక 1820లో గానీ అది అమలు కాలేదు. అంటే టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కోట పడిన ఇరవై ఒక్కేళ్లకు.

ఈ లెక్క ఇప్పటికీ పాతబడలేదు. 2025 ఏప్రిల్ 30న ఉక్రెయిన్ తనకు ఆయుధాలిచ్చిన అమెరికాతో ఖనిజాల ఒప్పందం చేసుకుంది. అది తాకట్టు కాదు, పునర్నిర్మాణానికి పెట్టుబడి నిధి అంటున్నారు. కావచ్చు. నిజాం కాగితంలోనూ స్నేహం, శాశ్వత రక్షణ అనే ఉన్నాయి. ఆయుధాలిచ్చే మిత్రుడు గనుల మాట ఎత్తాక ఆ స్నేహానికి ఖాతా తెరిచినట్టే.

మన సీమను ఇచ్చేశాక కూడా హైదరాబాదు ఒడ్డున పడలేదు. కంటింజెంట్ అనే ఇంకో సైన్యం ఖర్చు నిజాం నెత్తిన పడింది. దాని జీతాల బాకీ పేరు చెప్పి 1853లో కుంపిణీ బీరారు జిల్లాలను తన చేతిలోకి తీసుకుంది. బీరారు పత్తి పండే నల్లరేగడి.