హైపర్ కన్వర్జ్‌డ్ క్లస్టర్లలో నోడ్ల పాత్ర: టెండరు దశలోనే తేలవలసిన అంశం

ప్రజలకు ఆన్‌లైన్ ద్వారా అందే సేవలు ఏ యంత్రాలపై నడుస్తున్నాయనే విషయం, అవి నిలిచిపోయిన రోజున తప్ప చర్చకు రాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో గల జాతీయ డేటా సెంటరులో బ్యాటరీల నుండి చెలరేగిన మంటల కారణంగా 709 ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు నిలిచిపోయాయి. ఉద్యోగులు దస్త్రాలు భద్రపరచుకునే 'జి-డ్రైవ్'లోని 858 టెరాబైట్ల సమాచారం, వేరొకచోట బ్యాకప్ లేనందున, శాశ్వతంగా పోయింది. ఈ నేపథ్యంలో సర్వర్ల కొనుగోలుకు సంబంధించి ఒక అంశాన్ని అధికారులు, పాత్రికేయులు గమనించవలసి ఉంది.

మన దేశంలో 2006లో ఆమోదం పొందిన జాతీయ ఇ-గవర్నెన్స్ ప్రణాళిక కింద రాష్ట్ర డేటా సెంటర్లు రూపుదిద్దుకున్న కాలంలో సర్వర్లు వేరు, స్టోరేజి పెట్టెలు వేరు, వాటిని కలిపే నెట్‌వర్కు వేరుగా ఉండేవి. హైపర్ కన్వర్జ్‌డ్ విధానంలో ప్రతి సర్వరూ తన డిస్కులను, ప్రాసెసర్లను ఉమ్మడికి అప్పగిస్తుంది. ఇట్టి సర్వరును నోడ్ అని, వాటి సమూహాన్ని క్లస్టర్ అని వ్యవహరిస్తారు. నోడ్లన్నీ పైకి ఒకేలా కనిపించినా వాటి పాత్రలు ఒకటి కావు.

ఉదాహరణకు సూసే సంస్థ ఓపెన్ సోర్స్‌గా అందిస్తున్న హార్వెస్టర్‌ను తీసుకోవచ్చు. ఇందులో మొదట చేరిన నోడ్ మేనేజ్‌మెంట్ బాధ్యత స్వీకరిస్తుంది. మరో రెండు చేరగానే వాటికీ ఆ హోదా దానంతట అదే లభిస్తుంది. క్లస్టర్ స్థితిగతులను నమోదు చేసే ఎట్‌సీడీ అనే డేటాబేస్ ఈ మూడింటిపైనే నడుస్తుంది. ఇన్‌స్టలేషన్ సమయంలో వర్కర్‌గా నిర్ణయించిన నోడ్‌కు ఈ హోదా ఎన్నటికీ రాదు.

సభా నిర్వహణకు కోరం ఎట్లో క్లస్టర్‌కూ అట్లే. మూడు ఓట్లలో రెండు, ఐదింటిలో మూడు సజీవంగా ఉండాలి. నాలుగు ఓట్లున్నా మూడు కావాలి గనుక నాలుగవ దానివల్ల అదనపు రక్షణ ఏమీ లేదు. అందువల్ల ఆరు సర్వర్లు కొన్నామన్న లెక్క ఒక్కటే చాలదు. వాటిని రెండు ర్యాకుల్లో మూడేసి చొప్పున అమర్చారనుకుందాం. మూడు ఓట్లను ఎలా పంచినా ఒక ర్యాకులో రెండు పడక తప్పదు. ఆ ర్యాకుకు విద్యుత్తు ఆగిందంటే, రెండవ దానిలో మూడు సర్వర్లు చక్కగా నడుస్తున్నప్పటికీ కోరం పోతుంది. వాటిపై ఉన్న వర్చువల్ మెషిన్లు కొనసాగవచ్చు, కానీ ఆగిపోయిన వాటిని అక్కడ తిరిగి ప్రారంభించే అధికారం ఎవరికీ ఉండదు. ఆర్డరు పత్రంలో ఇది కనిపించదు.

మూడవ ఓటును మూడవ చోట ఉంచడమే ఇందుకు మార్గం. విట్‌నెస్ నోడ్ అనే సాక్షి పాత్ర ఏర్పడింది ఇటువంటి అవసరానికే. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సాక్షి సంతకం చేస్తాడే గాని ఆస్తిలో వాటా పొందడు. ఈ నోడ్ కూడా ఓటు వేస్తుందే గాని వర్చువల్ మెషిన్లను మోయదు, సమాచారపు ప్రతులను ఉంచుకోదు. కనుక చిన్న సర్వరు సరిపోతుంది. చిన్నదే కదా అని దానిని మిగిలిన వాటి పక్కనే అమర్చడం మాత్రం ఖర్చు దండగ. ఓట్లు వేసే నోడ్ల మధ్య నెట్‌వర్కు జాప్యం స్వల్పంగా ఉండాలన్న షరతు కారణంగా సుదూర నగరంలో పెట్టడమూ కుదరదు.

ఇక్కడ మరో చిక్కు కలదు. హార్వెస్టర్‌లోని లాంగ్‌హార్న్ స్టోరేజి సాధారణంగా మూడు ప్రతులను కోరుతుంది. రెండు నోడ్లు, ఒక సాక్షి ఉన్నచోట ఈ సంఖ్యను రెండుకు మార్చకపోతే మూడవ ప్రతికి చోటు దొరకక స్టోరేజి నిరంతరం లోపభూయిష్టంగానే నమోదవుతుంది. రోజూ కనిపించే హెచ్చరికను సిబ్బంది కొన్నాళ్లకు పట్టించుకోరు.

కాగా, ఎన్ని ప్రతులున్నా అవి బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కావు. పొరపాటున ఒక ఫైలును తొలగిస్తే మూడు ప్రతుల్లోనూ ఏకకాలంలో తొలగిపోతుంది. కావున సర్వర్లు డౌన్ అయ్యాయన్న ప్రకటన వెలువడినపుడు ఎన్ని నోడ్లు ఆగాయని మాత్రమేగాక, వాటిలో ఓటు గలవి ఎన్ని, మూడవ ఓటు ఏ గదిలో ఉన్నది, చివరి బ్యాకప్‌ను పునరుద్ధరించి పరీక్షించిన తేదీ ఏది అని అడుగవలసి ఉంటుంది. టెండరు నిబంధనలలో నోడ్ల సంఖ్య పక్కనే వాటి పాత్రను, అమర్చే స్థలాన్ని కూడా చేర్చినట్లయితే ఈ ప్రశ్నలకు సమాధానం దస్త్రంలోనే లభిస్తుంది.