చుక్కల గీత మీద పేరు

సైరన్ – వారం వారం

గోదావరిఖని లక్ష్మీనగర్‌లోనో, మెయిన్ చౌరస్తా పక్క గల్లీలోనో ఏ డీటీపీ సెంటర్‌కు పోయినా కంప్యూటర్‌లో ఒక దరఖాస్తు నమూనా సిద్ధంగా ఉంటుంది. పైన ‘గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి’, దాని కింద ‘విషయం’, ఆ కింద ‘కార్మికుని పేరు’ అని ఉండి, అక్కడి నుంచి లైను చివరిదాకా చుక్కలే చుక్కలు. ఆపరేటర్ ఆ చుక్కల మధ్య కర్సర్ పెట్టి పేరు కొట్టడం మొదలుపెడతాడు. ఒక్కో అక్షరం పడే కొద్దీ చుక్కలు కుడికి జరిగి, కొన్ని కింది లైనులోకి పడతాయి. తండ్రి పేరు కిందికి దిగుతుంది, గని పేరు ఇంకా కిందికి, సంతకం పెట్టే చోటు రెండో పేజీకి. ఇక డిలీట్ కీ పట్టుకుని చుక్కలు తుడవడం. తుడుస్తూ తుడుస్తూ ఒక్క నొక్కు ఎక్కువ పడిందంటే పక్కనున్న ఎంప్లాయీ నంబర్‌లో ఒక అంకె ఎగిరిపోతుంది. చూసుకుంటే సరే. లేదంటే ఆ కాయితం కొత్తగూడెం హెడ్డాఫీసు దాకా పోయి మళ్లీ మన ఇంటికే వస్తుంది.

చేయాల్సింది చాలా చిన్న పని. వర్డ్‌లో ఇన్సర్ట్‌లోకి పోయి రెండు నిలువు వరుసల టేబుల్ ఒకటి తెచ్చుకోవాలి. ఎడమ గడిలో ‘కార్మికుని పేరు’, కుడి గడి ఖాళీ. గీతలన్నీ తీసేసి కుడి గడికి అడుగు గీత మాత్రం ఉంచితే, చూడటానికి అచ్చం చేత్తో నింపే ఫారంలాగే ఉంటుంది. టేబుల్ ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ నొక్కి, రాతను బట్టి గడి వెడల్పు మారే టిక్కు తీసేయడం మరవొద్దు. ఆ తర్వాత ఎంత పొడుగు పేరు కొట్టినా గీత పక్కకు జరగదు, మరీ పొడుగైతే గడే కిందికి పెరుగుతుంది. సంతకం రెండో పేజీలో రావాలనుకుంటే ఎంటర్ మీద ఎంటర్ కొట్టనక్కర్లేదు, కంట్రోల్ ఎంటర్ ఒక్కసారి చాలు. ఎస్‌డీఎల్ యంత్రం ఎదురుగా పెట్టుకుని తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపినట్టుంది మనం వర్డ్‌ను వాడే తీరు.

ఇంత చిన్న ముచ్చట మీద ఒక వారం శీర్షిక ఎందుకంటారా? వేరే ఊళ్లో ఉంటే నేనూ రాసేవాణ్ని కాదు. ఇక్కడ కాయితం మీది పేరుకు ఉన్న బరువు వేరు. వెనకటి రోజుల్లో పల్లెల నుంచి వచ్చి గనిలో చేరినవాళ్లలో కొందరు ఇంకొకరి పేరు మీద పనిలోకి దిగారు. సర్వీసు రికార్డులో ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు. సింగరేణిలో మారుపేర్ల సమస్య అంటే చిన్న పిల్లవాడికీ తెలుసు, యూనియన్ల డిమాండ్ల పత్రాల్లో అది ఏళ్లుగా ఉంటున్నదే. కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయినా, సర్వీసులో ఉండగా చనిపోయినా, కొడుకో బిడ్డో పెట్టుకునే ఉద్యోగ దరఖాస్తుకు పేరే ఆధారం. బొగ్గు గనుల భవిష్య నిధి (సీఎంపీఎఫ్) సొమ్ముకూ అదే, 1998 నాటి బొగ్గు గనుల పింఛన్ పథకం కింద నెలనెలా వచ్చే పింఛన్‌కూ అదే. మారుపేరు తెచ్చిన చిక్కు వర్డ్‌తో విడిపోయేది కాదు, కంపెనీ, ప్రభుత్వం కూర్చుని తేల్చాల్సింది. కానీ ఉన్న ఒక్క పేరును మన టైపింగే రెండు పేర్లుగా చేస్తే ఎవరిని అడగాలి?

కొమురయ్య అనే పేరు తీసుకోండి. ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘ఎం’ తర్వాత ‘యు’ పెట్టేవాళ్లున్నారు, ‘ఎ’ పెట్టేవాళ్లున్నారు, ఏదీ పెట్టనివాళ్లూ ఉన్నారు. దరఖాస్తు, అఫిడవిట్, జత చేసిన కాయితాల పట్టిక, అంగీకార పత్రం అన్నీ కలిపి పేరు పదిచోట్ల వస్తుంది. పదిసార్లు కొడితే ఒకచోట తేడా రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. అందుకే పేరును ఒక్కసారే కొట్టాలి. ఇన్సర్ట్‌లో క్విక్ పార్ట్స్ అని ఉంటుంది, అందులో డాక్యుమెంట్ ప్రాపర్టీ. ‘టైటిల్’ అనేది ఎంచుకుంటే ఒక చిన్న పెట్టె వస్తుంది. పేరు రావాల్సిన ప్రతిచోటా ఆ పెట్టెనే పెట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత ఏదో ఒక పెట్టెలో, ఎదురుగా ఆధార్ కార్డు పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి పేరు కొట్టండి. మిగతా అన్నిచోట్లా అదే పేరు దానంతటదే పడుతుంది. తప్పు దొరికినా ఒక్కచోట దిద్దితే చాలు. తండ్రి పేరుకు ‘సబ్జెక్ట్’ పెట్టె, గని పేరుకు ‘కంపెనీ’ పెట్టె వాడుకోవచ్చు. పెట్టె పేరు ఏదైతేనేం, ప్రింటులో అది కనిపించదు.

చాలామంది దీనికి బదులు కంట్రోల్ హెచ్ వాడతారు. పాత దరఖాస్తు తెరవడం, ఫైండ్‌లో పాత పేరు, రీప్లేస్‌లో కొత్త పేరు పెట్టడం, ‘రీప్లేస్ ఆల్’ అని నొక్కడం. ఇంగ్లీషులోనే ఇది ప్రమాదం, తెలుగులో ఇంకా ప్రమాదం. మన భాషలో విభక్తి పేరుకు అతుక్కుని ఉంటుంది. రాజయ్య అని వెతుకుతూ ‘పూర్తి పదాలు మాత్రమే’ అనే టిక్కు పెడితే రాజయ్యకు, రాజయ్యతో, రాజయ్యగారి అన్నవి దొరకవు. పాత మనిషి పేరు కొత్త మనిషి దరఖాస్తులో అక్కడక్కడా మిగిలిపోతుంది. పోనీ అని టిక్కు తీస్తే రాజయ్యపల్లి అనే ఊరు పేరు కూడా మారిపోతుంది. ‘రామ’ను మార్చబోతే రామగుండమే మారుతుంది! అందుకని ‘రీప్లేస్ ఆల్’ జోలికి పోకుండా ‘ఫైండ్ నెక్స్ట్’ నొక్కుతూ ఒక్కోటి చూసి మార్చడమే మేలు. ఓ రెండు నిమిషాలు ఎక్కువ పడతాయి, అంతే.

ఇంకో మాయ ఉంది. కంటికి పేరు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం దొరకలేదంటుంది. ‘శ్రీనివాస్‌కు’ అని కొట్టేటప్పుడు ‘స్’ కింద ‘క’ వత్తు పడకుండా మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడతాం. విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే పడేది అదే. అది తెలియనివాళ్లు స్పేస్ కొట్టి సరిపెడతారు. అప్పుడు కంప్యూటర్ లెక్కలో ఒకే మాట రెండు ముక్కలు. రాం అని సున్నతో కొట్టినదీ, రామ్ అని పొల్లుతో కొట్టినదీ చదివేవాడికి ఒక్కటే, వెతికే యంత్రానికి రెండు వేర్వేరు పేర్లు. అనుమానం వచ్చినచోట కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కితే వర్డ్ ఆ కర్సర్‌కు ముందున్న అక్షరం నంబరు చూపిస్తుంది. ‘క’కు 0సీ15. ఇంకోసారి నొక్కితే మళ్లీ అక్షరం అవుతుంది.

యూనికోడ్‌లో తెలుగుకు ఈ నంబర్లు 1991లోనే వచ్చాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగు తెచ్చింది. అయినా మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్ల రాజ్యమే నడుస్తోంది. అందులో కొట్టినవాళ్ల వేగం నాకు తెలుసు, పోస్టర్‌కూ పెళ్లి పత్రికకూ ఆ అక్షరాల అందమూ తెలుసు, వద్దనను. దరఖాస్తుకు మాత్రం పనికిరాదు. అను ఫాంటు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెడుతుంది. ఆ ఫైలు వాట్సాప్‌లో మీ ఫోనుకు వస్తే పిచ్చి గీతలు, గుర్తులు తప్ప ఒక్క ముక్కా చదవలేరు, అందులో పేరు వెతకలేరు, ఇంకోచోట దిద్దించుకోలేరు. మళ్లీ ఆ షాపుకే పోవాలి. యూనికోడ్‌లో కొట్టించుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. 2019 నుంచి విండోస్ 10లో తెలుగు ఫోనెటిక్ కీబోర్డు కూడా ఉంది కాబట్టి లేఅవుట్ నేర్చుకోలేదన్న సాకు చెల్లదు. టైపింగే రాని పెద్దమనుషులు ఫోనులో గూగుల్ డాక్స్ తెరిచి మాట్లాడి రాసుకోవచ్చు. ఖని యాసలో చెబితే అక్కడక్కడా తడబడుతుంది, అది మనం దిద్దుకోవాలి.

గేట్ మీటింగులకు, కాలనీ సంఘాలకు ఉత్తరాలు పంపేవాళ్లకు మెయిల్ మెర్జ్ గురించి ఒక మాట. ఎక్సెల్‌లో పేరు, గని, నంబరు ఒక్కో నిలువు వరుసలో పెట్టి, వర్డ్‌లో ఉత్తరం ఒక్కటి రాస్తే, వందమందికి వంద ఉత్తరాలు వాళ్లవాళ్ల పేర్లతో వస్తాయి. చిక్కంతా ఎక్సెల్‌లోనే. 12 అంకెల ఆధార్ నంబరును మామూలు గడిలో కొడితే మధ్యలో చుక్క, చివర ‘ఈ ప్లస్ 11’ అని చూపిస్తుంది. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబరైతే ఆ తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి, మళ్లీ రావు. కొట్టే ముందే ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి, కొట్టాక మార్చినా పోయినవి పోయినట్టే.

గుర్తింపు సంఘం, యాజమాన్యం కూర్చునే స్ట్రక్చర్డ్ సమావేశాల మినిట్స్ రాసేవాళ్లు శీర్షికలకు బోల్డ్ కొట్టి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ పెట్టాలి. నావిగేషన్ పేన్‌లో అంశాలన్నీ వరుసగా కనిపిస్తాయి, విషయ సూచిక దానంతటదే తయారవుతుంది. పట్టిక రెండు పేజీలు దాటితే ‘రిపీట్ హెడర్ రోస్’. గని పేరులో జీడీకే ఒక లైనులో, 11 కింది లైనులో పడకుండా మధ్య గీతను కంట్రోల్ షిఫ్ట్‌తో కలిపి కొట్టాలి. యాజమాన్యం పంపిన ముసాయిదాలో మన ప్రతికీ వాళ్ల ప్రతికీ ఏ మాట మారిందో తెలియాలంటే రివ్యూలో కంపేర్ ఉంది. సంతకం పెట్టేముందు ఒక్కసారి నడిపితే, ‘ఇవ్వవలెను’ కాస్తా ‘పరిశీలించవలెను’ అయిన చోటు రంగుతో సహా పట్టిస్తుంది. పిట్ సెక్రటరీలందరికీ ఇంకేమీ నేర్పకపోయినా ఇది నేర్పాలి.

కంపెనీ పర్సనల్ విభాగమైనా, సీఎంపీఎఫ్ ఆఫీసైనా, తహసీల్దార్ ఆఫీసైనా నమూనా ఇచ్చేటప్పుడు జిరాక్సు మీద తీసిన జిరాక్సు కాకుండా యూనికోడ్‌లో చేసిన ఫైలు ఇస్తే సగం తిప్పలు తప్పుతాయి. రివ్యూలోని రెస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో ‘ఫిల్లింగ్ ఇన్ ఫార్మ్స్’ అని పెడితే పెట్టెలు నింపడం తప్ప మిగతా రాతను ఎవరూ కదపలేరు. ఖర్చు లేని పని. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి, ఈ రెండింటిలో ఏ ఒక్కరు తలుచుకున్నా ఒక పూటలో అవుతుంది.

ఇక మన చేతిలో ఉన్నది. డీటీపీ సెంటర్‌లో డెస్క్‌టాప్ నిండా ఎవరెవరివో ఫైళ్లు, మరణ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ నంబర్లు, పాస్‌బుక్ మొదటి పేజీలు. వెనక నిలబడ్డవాళ్లందరికీ కనిపిస్తాయి. డబ్బులు ఇచ్చే ముందు ‘తమ్మీ, వర్డ్ ఫైలు, పీడీఎఫ్ రెండూ నా మెయిల్‌కు పంపు, ఇక్కడివి తీసెయ్, రీసైకిల్ బిన్‌లోంచి కూడా’ అనండి. డెస్క్‌టాప్ మీద షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే బిన్‌లోకి పోకుండానే పోతుంది. వర్డ్ తెరవగానే కనిపించే పాత ఫైళ్ల జాబితాలో మీ పేరుంటే దాని మీద కుడి క్లిక్ కొట్టి ‘రిమూవ్ ఫ్రమ్ లిస్ట్’ నొక్కించండి. మెయిల్ లేనివాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకుపోవచ్చు. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

– గనివాడు